వాచ్‌మన్ నోటుబుక్కు

పటాన్‌చెరు బస్సులో నా పక్కన కూర్చున్నాయన మిలిటరీ గూఢచారి విభాగంలో రిటైరై, కాజీపల్లిలో ఓ మందుల కంపెనీకి వాచ్‌మన్‌గా ఉన్నాడు.

"నేను చేరినప్పుడు మా సెక్షన్ల ఇద్దరమే ఉంటిమి సారూ. గొర్లకాపర్లను అడిగి, సరిహద్దు కొండల మీద కొత్త మనుషులు తిరుగుతున్నరని రాసి పంపిన. ఎవ్వలు సదవలే. లడాయి అయినంక పెద్ద ఆఫీసు కట్టిండ్రు, కంప్యూటర్లు పెట్టిండ్రు. గప్పుడు గూడ రాసేటోళ్లే పెరిగిండ్రు."

వంతెన మీద బస్సు ఆగింది. కింద ఓ ట్యాంకర్ ఫ్యాక్టరీ మురుగునీళ్లను వాగులోకి వదులుతోంది. ఆయన నోటుబుక్కు తీసి దాని నంబరు రాసుకున్నాడు.

"ఎవరికిస్తారు?" అన్నాను.

"ఎవలు తీసుకుంటరు? మీరన్నా సదువుండ్రి" అని పుస్తకం నా చేతిలో పెట్టి దిగిపోయాడు.

ఇరవై ఏళ్లుగా అది నా బీరువాలోనే ఉంది. చదువుకున్నవాణ్ణే. మొదటి పేజీ కూడా తిప్పలేదు.