బాబాయి చెప్పులు విడిచిన చోటు

నరసరావుపేటలో నేను ధ్యానం నేర్పే హాలు గుమ్మం ముందు ప్రతి ఉదయం నలభై జతల చెప్పులు వరసగా ఉంటాయి. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నవే అయినా, పోయిన నెల నుంచి వాటిని దాటి లోపలికి వెళ్ళడం నాకు కష్టంగా ఉంటోంది. మోకాళ్ళ నొప్పులతో నిద్ర పట్టడం లేదని కొత్తగా చేరిన ఒకామె, మొదటి రోజు నా ఉపన్యాసం విని, అందరూ వెళ్ళేదాకా ఆగి, నాతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళింది. ఆ మాటలేమిటో చెప్పేముందు, ఇన్నేళ్ళుగా నన్ను నమ్మి కూర్చున్నవాళ్ళ ముందూ, నన్ను ఎరిగిన నా ఈడువాళ్ళ ముందూ నేను ఒప్పుకోవలసిన తప్పు ఒకటుంది.

నా తరగతికి వచ్చిన ప్రతివారికీ క్వారీ కథ తెలుసు. మాచర్ల అవతల నాపరాళ్ళ క్వారీలో సూపర్‌వైజరుగా ఉన్న రోజుల్లో, వానలు వెలిసిన ఒక ఉదయం ధ్యానంలో ఉండగా నా మనసుకి ఏదో కీడు తోచిందనీ, వెంటనే గుంటలో పడమటి వైపు రాతి గోడ కింద పని ఆపించాననీ, మర్నాడు ఆ గోడ కూలిందనీ, పదకొండు మంది ప్రాణాలు దక్కాయనీ చెబుతూ వచ్చాను. గోడ కూలడం నిజం. పదకొండు మంది బతకడం నిజం. వాళ్ళని బతికించింది నేను కాదు.

బతికించింది బాబాయి. మాకు చుట్టరికమేమీ లేదు. మా వీధి చివరింట్లో ఉండే రాళ్ళ మేస్త్రీ, మా నాన్నని అన్నా అని పిలిచేవాడు కనుక నాకు బాబాయి అయ్యాడు. డిగ్రీ తప్పి ఊరంతా తిరుగుతున్న నన్ను సైకిలెక్కించుకుని తీసుకెళ్ళి, క్వారీ యజమానికి చెప్పి ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే.

నాపరాయి నేలలో పొరలు పొరలుగా ఉంటుంది. పొర సందున ఉలి పెట్టి, సుత్తితో కొట్టి, గడ్డపలుగుతో ఎత్తితే పలకలా లేస్తుంది. రోజూ గుంటలోకి దిగేముందు బాబాయి అంచున చెప్పులు విడిచేవాడు. ఒంటి బరువు రెండు కాళ్ళ మీదా సమంగా ఆనించి, చేతులు వదులుగా వేలాడేసి, కళ్ళు తెరుచుకునే, ఒక బీడీ కాలేంత సేపు కదలకుండా నిలబడేవాడు. తర్వాత కిందికి దిగి సుత్తితో గోడని నాలుగు చోట్ల మెల్లగా తట్టి చెవి ఆనించేవాడు. అంతవరకూ ఎవరూ ఉలి ముట్టుకోకూడదు. పలకలు మోసే ఆడవాళ్ళలో నోరున్న ఒకామె రోజూ ఎగతాళి చేసేది.

"ఏందయ్యా మేస్త్రీ, రాయి నిద్ర లేచిందా, మమ్మల్ని పోయి టీ తాగి రమ్మంటావా?"

"నీకన్నా ముందే లేచిందిలేవే, దిగు" అనేవాడు.

ఇద్దరు పనివాళ్ళు పోట్లాడుకుంటే ఆయన తీర్పు చెప్పేవాడు కాదు. ఒక పెద్ద పలక చూపించి, చెరో కొసా పట్టుకుని లారీ దాకా మోయమనేవాడు. అడుగు కలవకపోతే వేళ్ళు నలుగుతాయి కనుక, ఎంత కోపంలో ఉన్నా ఒకడి నడక ఇంకొకడు చూసుకోక తప్పేది కాదు. పలక దింపేసరికి సగం తగువు చల్లారేది. ఇదంతా నాకు అప్పట్లో మోటుతనంగా కనిపించేది.

ఎందుకంటే నేను అప్పుడే మాచర్లలో ఒక మాస్టారి దగ్గర ధ్యానం నేర్చుకున్నాను. క్వారీ షెడ్డులో కుర్చీ వేసుకుని, కాన్వాసు బూట్లతోనే, కళ్ళు మూసుకుని నలభై నిమిషాలు ఊపిరి లెక్కపెట్టేవాణ్ణి. నాకు కోపం తగ్గింది. కోపం తగ్గితే జ్ఞానం వచ్చినట్టేననుకున్నాను. బాబాయికి కూడా నేర్పుతానని ఒకసారి అంటే, ఆయన పగలబడి నవ్వాడు.

"కళ్ళు మూసుకుంటే క్వారీలో బతుకుతామట్రా?"

ఆ ఏడు వానలు మూడు రోజులు వదలకుండా కురిసి వెలిశాయి. నాలుగో రోజు ఉదయం బాబాయి అంచున ఎప్పటికన్నా చాలాసేపు నిలబడ్డాడు. దిగి గోడ తట్టాడు, మళ్ళీ పైకి వచ్చి నిలబడ్డాడు. చివరికి షెడ్డు దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇయ్యాల పడమటి గోడ కింద పనొద్దు."

"ఏంది బాబాయ్, లారీలు నిలబడి ఉన్నయ్."

"కాళ్ళకి నచ్చలా."

"కాళ్ళకి నచ్చకపోవడమేంది? యజమానికి ఏమని చెప్పను?"

"ఏం చెప్పమాక. ఆ బూట్లిప్పి నువ్వే వచ్చి నిలబడు. నీకే తెలుస్తది."

నేను చిరునవ్వు నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది. మూడుసార్లు ఊపిరి లెక్కపెట్టుకుని, గొంతు పెంచకుండా, పని ఆగదని చెప్పాను. కోపం రానందుకు లోలోపల నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. నాకు కోపం వచ్చివుంటే ఇద్దరం అరుచుకునేవాళ్ళం, ఆ అరుపుల్లో ఆయన మాట ఒక్కటైనా నా చెవిన పడేదేమో. నా ప్రశాంతతలో ఆయన మాటకి చోటు లేకపోయింది.

బాబాయి నాతో వాదించలేదు. గుంట అంచుకి వెళ్ళి, "ఎక్కండే పైకి, ఎక్కండ్రా" అని కేకేశాడు. పదకొండు మందీ ఎక్కి వచ్చారు. నా మాట నా కళ్ళ ముందే తీసేసినట్టయింది. సైకిలు మీద ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి, గుంటూరులో ఉన్న యజమానికి ఫోన్ చేసి, మేస్త్రీ పనివాళ్ళని నా మీదికి ఎగదోస్తున్నాడని చెప్పాను. గోడ సంగతి చెప్పలేదు, పని ఆగిందన్న మాట కూడా చెప్పలేదు. మేస్త్రీని మార్చెయ్యమన్నాడాయన. ఆ సాయంత్రమే బాబాయికి చెప్పేశాను. ఆయన సుత్తి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన లేకుండా మర్నాడు ఆ పదకొండు మందిలో ఒక్కరూ పనిలోకి రాలేదు.

ఉదయం పది గంటలప్పుడు పడమటి గోడ ఒక్క ఊపున జారి కూలింది. మధ్యాహ్నానికి యజమాని జీపులో వచ్చి, రాళ్ళ కింద వంగిపోయిన గడ్డపలుగులు చూసి, మనుషుల్ని దించకుండా ఆపింది నేనేననుకుని నా భుజాలు పట్టుకున్నాడు.

"ఎట్టా తెలిసిందయ్యా నీకు?"

చెప్పడానికి ఒక క్షణం ఉంది. ఆ క్షణంలో నేను అన్న మాట, "ధ్యానం చేస్తానండీ." ఆ తర్వాత బతుకంతా ఆ మాట మీదే నిలబెట్టుకున్నాను. బాబాయి కుటుంబం ఈపూరు వైపు కూలి పనికి వెళ్ళిపోయిందని విన్నాను. బస్సెక్కితే ఒక్క పూటలో వెళ్ళి రాగల దూరం. ఒక్కసారీ వెళ్ళలేదు.

పోయిన నెల అందరూ వెళ్ళేదాకా ఆగి నాతో మాట్లాడినామె బాబాయి కూతురు. అందరూ సార్ అని పిలిచే హాలులో ఆమె నన్ను అన్నా అని పిలిచింది.

"నన్ను గుర్తుపట్టలా అన్నా? మేస్త్రీ కూతుర్ని. గోడ కథ చానా బాగా చెప్పావు. మా నాయన కూడా చెప్పేవోడు. ఆయన చెప్పేదాంట్లో నీ పేరు రాదు. 'ఆ పిల్లోడి తప్పేం లేదమ్మా, వాడి కాళ్ళకి బూట్లుండయ్' అనేవోడు."

నాయన ఎలా ఉన్నాడని అడిగాను. పోయి రెండేళ్ళయిందన్నది. గుమ్మంలో చెప్పులు వేసుకుని, నెమ్మదిగా మెట్లు దిగిపోతున్న చప్పుడు వినిపించింది.

ఆ ఆదివారం క్వారీకి వెళ్ళాను. మా గుంట నిండా పచ్చటి నీళ్ళు. పక్క క్వారీలో యంత్రాలు రాయి కోస్తున్నాయి, ఆ రొదలో ఎంత తట్టినా ఎవరి చెవికీ రాయి పలకదు. బాబాయి నిలబడే చోట బూట్లూ సాక్సులూ విప్పి నిలబడ్డాను. ఇరవై ఏళ్ళుగా వేలమందిని కళ్ళు మూయించి కూర్చోబెట్టినవాణ్ణి. రాయి కాలుతోందన్న సంగతి తప్ప నా కాళ్ళకి ఇంకేమీ తెలియలేదు.

సోమవారం తరగతిలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొందరు లేచి వెళ్ళిపోయారు, కొందరు మరీ వినయంగా ఉండిపోయారు. ఆమె కోసం హాలంతా చూశాను, రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఇప్పుడు రోజూ గుమ్మం ముందు ఆగి, ఆ వరసలో ఆమె చెప్పులున్నాయేమోనని వెతుకుతున్నాను. అవి ఎలా ఉంటాయో నాకు తెలియదు. ఆమె వెళ్ళేటప్పుడు నేను తల దించుకునే ఉన్నాను గాని, ఆమె కాళ్ళ వైపైనా చూడలేదు.