ఆర్పేసిన ఎర్రదీపం

ఫ్రాన్సులోని లొరేన్ ఇనప గనుల్లో పాతికేళ్ళు సిగ్నల్ దీపాలు చూసుకున్న ఒట్టావియో జానెల్లిని అందరూ దేవుడిలాంటి మనిషనేవారు. ఆ మాట వినబడ్డప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుండేది. ఎందుకుండదూ, చేసిన పని అలాంటిది!

మూడో సొరంగంలో పట్టాల దారి ఒక్కటే. లోపలికొచ్చే డ్రైవరు వేలాడే తాడు లాగితే అవతలి కొసన ఎర్రదీపం వెలుగుతుంది. బయటపడ్డాక ఇంకో తాడు లాగితే ఆరుతుంది. లుడ్విక్ మార్చాక్ అనే డ్రైవరుకి ఆ రెండో తాడంటే మహా మరుపు. దీపం ఆరదు, రైళ్ళు కదలవు, తిట్లు ఒట్టావియోకి. అతని దగ్గరున్న తాళంచెవి తిప్పి ఆర్పచ్చు. కానీ ముందు ఫోన్ చేసి, సొరంగం ఖాళీ అని రూఢి చేసుకోవాలి.

ఆ రోజు దీపాలు తుడుచుకుంటూ వచ్చేసరికి మూడో సొరంగం దీపం ఎర్రగా వెలుగుతోంది.

"మళ్ళీ మర్చిపోయాడు, మతిమరుపు సన్నాసి!" అని గొణుక్కుని, ఫోన్ చెయ్యకుండానే ఆర్పేశాడు.

లుడ్విక్ లోపలే ఉన్నాడు. బండి పట్టా తప్పితే మళ్ళీ పట్టాల మీదికి ఎత్తుతున్నాడు. ఎదురుగా వచ్చిన రైలు అతని కాలు తీసేసింది.

విచారణలో దీపం ఆరి ఉందన్నారు. అంటే లుడ్విక్ మొదటి తాడే లాగలేదని తేల్చారు. ఎవరైనా నమ్మేదే, అతని మరుపు ఊరంతా ఎరిగిందే. ఒట్టావియో నోరు మెదపలేదు. పిరికితనం, ఇంకేముంది!

పదకొండేళ్ళ తర్వాత, గనివాళ్ళ దేవత బార్బరా పండగ భోజనాల్లో, లుడ్విక్ కర్రకాలు మీద లేచి గ్లాసెత్తాడు.

"నా మరుపుకి నా ఒక్క కాలే పోయింది. దేవుడి దయ, ఇంకెవరికీ ఏం కాలేదు!"

అందరూ నవ్వారు. ఒట్టావియో చెంచా పక్కన పెట్టి లేచాడు.

"ఒరేయ్ లుడ్విక్, నువ్వు తాడు లాగావురా. దీపం వెలిగింది. ఆర్పింది నేను."

లుడ్విక్ కొడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

"లాగానా?" లుడ్విక్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "బ్రోనియా, విన్నావుటే? నేను లాగానే! ఇన్నాళ్ళూ ఈ చెయ్యి లాగాననే అంటోంది. నాకే పిచ్చనుకున్నా!"

భార్య భుజం పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చి నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, కోపం లేకుండానే అడిగాడు.

"మా అమ్మ పోయినేడు పోయిందిరా. 'నీ మరుపే నీ కొంప ముంచింది నాయనా' అంటూనే పోయింది. ఒక్క ఏడాది ముందు చెప్పకూడదట్రా?"