మూత తీసి మాట్లాడితే

ల్యాబులో పదకొండేళ్లుగా సీసాలు కడుగుతున్న సీసాలక్క, సాయంత్రం కాలేజీలో డిగ్రీ తెచ్చుకుని, అదే ల్యాబులో టెక్నీషియన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకొచ్చింది. ఇంటర్వ్యూ చేస్తున్న ల్యాబు పెద్ద మేడమ్‌కు ఒళ్లు మండిపోయింది.

"అంట్లు తోమే చేతికి మైక్రోస్కోపు కావాల్సొచ్చిందా?" అంటూ, సూక్ష్మజీవులను పెంచే ప్లేటొకటి ముందుకు తోసింది. నిండా అక్కర్లేని మచ్చలే. "ఇది నువ్వు సరిగ్గా కడక్కే కదా పాడైంది?"

"ఇది ప్లాస్టిక్‌ది మేడమ్, ప్యాకెట్లోంచి తీసి వాడి పారేసేది. కడగడానికి నా చేతికి రానేరాదు. మీరు మూత తీసిపెట్టుకుని ఫోన్లో మీ ఆడపడుచును తిడతారు చూడండి, ఆ తుంపర్లు పడ్డాయి."

పక్కనున్న అధికారి నవ్వాపుకోలేక రుమాలు అడ్డుపెట్టుకున్నాడు. వారానికి ఉద్యోగం సీసాలక్కకే వచ్చింది.

"నా గది గడప తొక్కావో, చూడు," అంది మేడమ్.

"ఆర్డర్లో నాకు మీ గదే రాశారు మేడమ్, కాస్త పక్కకు జరగండి."