సమ్మెలో మట్టయ్య చెరువు పని

మట్టయ్య బస్సు నడపని రోజంటే నాకు భయం. దిల్‌సుఖ్‌నగర్ డిపోలో పన్నెండేళ్లు అతని బస్సుకు కండక్టరుగా చేశాను. ఖాళీగా కూర్చోవడం ఆ మనిషికి చేతకాదు. తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిన మూడో రోజే సమ్మె టెంటులోంచి లేచిపోయి, కర్మన్‌ఘాట్‌లో తన ఇంటి వెనకున్న చెరువులో దిగాడు.

పేరుకే చెరువు. పైన గుర్రపుడెక్క, కింద అపార్ట్‌మెంట్ మురుగు. అతని భార్య కిష్టమ్మ నల్లగొండ పల్లె నుంచి వచ్చిన నాటి నుంచీ పండగ ఆఖరి రోజైన సద్దుల నాడు పూల బతుకమ్మను ఇంట్లో ప్లాస్టిక్ తొట్టిలోనే వేస్తోంది. ఈసారి చెరువులో వేయిస్తానని మట్టయ్య మాటిచ్చాడు. పండక్కి పదమూడు రోజులున్నాయి.

"సమ్మెల పని చేస్తవా? జేఏసీ ఊకుంటదా?" అన్నాను.

"గిది డ్యూటీ కాదు తిరుపతీ. దిగు."

ఏం చేస్తాం, దిగాను. వారం రోజులు మేమిద్దరం, మరో నలుగురు డ్రైవర్లు గుర్రపుడెక్క లాగాం. మట్టయ్య ఆ మోపుల్ని నీటి అంచున, డిపోలో బస్సులు నిలిపినట్టు వరసగా పేర్చాడు. బస్సు ఆపితే ఆపినచోటే ఉంటుంది, మొక్క ఉండదని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఎనిమిదో నాడు వాన దంచికొట్టింది. మోపులన్నీ జారి మళ్లీ నీళ్లలో పచ్చగా తేలాయి. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

కిష్టమ్మ వచ్చి చూసింది. "తొట్టి కడిగి పెడ్త తియ్," అంది.

ఆ మాట మట్టయ్యకు గుచ్చుకుంది. నేరుగా టెంటుకు పోయి, ఆదివారం రోడ్డు మీద పెట్టుకున్న వంటావార్పు చెరువు కట్ట మీద పెట్టమన్నాడు. రోడ్డు మీద వండితే ట్రాఫిక్ ఆగుతుంది, అక్కడ వండితే ఏమాగుతుందని నాయకులు సణిగారు.

"గంతమందిని సూస్తే మురుగు ఇడిసేటోళ్లకు జర సిగ్గైతది," అన్నాడు మట్టయ్య.

ఆదివారం రెండు వందల మంది వచ్చారు. పది మోపులు లాగినవాళ్లకే అన్నం, పప్పు అని మట్టయ్య షరతు. ఈసారి మోపులు ట్రాలీ ఆటోల్లో దూరంగా పోయాయి. మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ సెక్రటరీ పట్టాభిగారు కట్ట మీదికొచ్చారు. ఆయనది గుంటూరు. ఆంధ్రా మనిషితో ఎవరైనా గొడవకు దిగుతారేమోనని నేను మట్టయ్య పక్కకు చేరాను.

"మురుగు పైపు మాదేనండి. పొద్దున్నే మూయించేశాను, మెయిన్ లైన్లో కలిపిస్తున్నాం. నాకూ కాస్త అన్నం పెడతారా?"

"పది మోపులు సారూ," అన్నాడు మట్టయ్య.

ఆయన ప్యాంటు మడిచి దిగారు. పదకొండు లాగారు.

సద్దుల సాయంత్రం కిష్టమ్మ వాడకట్టు ఆడవాళ్లతో కలిసి బతుకమ్మను నెత్తిన పెట్టుకుని వచ్చింది. నీళ్లింకా మట్టి రంగులోనే ఉన్నాయి, కానీ నీళ్లు కనిపిస్తున్నాయి. బతుకమ్మను దించి, వంగి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని వాసన చూసింది. మట్టయ్య కట్ట మీదే నిలబడి చూస్తున్నాడు. ఆమె బతుకమ్మను ఎత్తుకుని మోకాటి లోతుకు నడిచి, వెనక్కి తిరిగింది.

"ఆడనే నిలవడ్డవేంది? నువ్వు గూడ దా. ఇద్దరం కల్సి సాగనంపుదం."

అంతమంది ఆడవాళ్ల మధ్యకు మొగుణ్ణి పిలిచిన ఇల్లాలిని నేనెప్పుడూ చూడలేదు. మట్టయ్య సిగ్గుతో మెలికలు తిరుగుతూ దిగాడు, చెరో పక్క పట్టుకుని వదిలారు. తంగేడు పూలు నడిమధ్యకు పోయేదాకా ఇద్దరూ నీళ్లలోనే నిలబడ్డారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, చెప్పుకోవడానికి నామోషీ ఏముంది.