మిషనత్త పట్టిన చేప

సూది చేతికి వస్తే చాలు, మిషనత్త దాని మొనను బొటనవేలి గోరు మీద గీసి చూస్తుంది. జారితే పక్కన పడేస్తుంది. గీత పడితే దారం ఎక్కిస్తుంది.

కుట్టుపనితో ఇల్లు గడుపుతుంది కాబట్టి వీధికి ఆమె మిషనత్త. ముందుగదిలో కిటికీ పక్కన మిషను. దాని ఎదుట కుర్చీలో ఆమె భర్త, అందరికీ మామ. చూపు పోయినప్పటి నుంచి ఆయన ఆ కుర్చీ వదల్లేదు. అంతకుముందు సెలవు వస్తే ఇంట్లో దొరికేవాడు కాదు, చెరువు గట్టు మీద గాలం వేసుకుని కూర్చునేవాడు. ఆ మనిషిని మళ్లీ గట్టెక్కించాలని అత్త పట్టుదల.

ఒకరోజు చెరువు కాపలావాడు ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చాడు.

"చూపు లేనివాళ్లకి గాలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదత్తా. నువ్వు తోడు రావచ్చు, ఎర గుచ్చి ఇవ్వచ్చు. గాలం కర్ర మాత్రం ముట్టుకోకు. ముట్టుకున్నావో, నీకు కావాలి లైసెన్సు."

"నాకెందుకురా ఆ వానపాముల గోల!"

మామ ఒకపట్టాన ఒప్పుకోలేదు.

"కనపడని బెండు వైపు ఏం చూడమంటావే?"

"ఇన్నేళ్లూ చూసి ఏం పట్టుకొచ్చారు? తడిసిన చెప్పులేగా!"

మామ లేచాడు.

గట్టు మీద అత్త గాలం మొనను గోరు మీద గీసి చూసింది. ఎర గుచ్చి, కర్ర ఆయనకిచ్చి, చేతులు వెనక్కి కట్టుకుంది. చాలాసేపటికి బెండు కదిలింది.

"మునిగింది! లాగండి!"

"అరవకే. చేతికి తెలుస్తోంది."

కర్ర వంగింది. తడి మట్టిలో మామ కాలు జారింది. అత్త రెండు చేతులా కర్ర పట్టేసుకుంది. నీళ్లలోని ప్రాణం గుంజిన గుంజు ఆమె భుజాల దాకా వచ్చింది.

"వదలవే, లైసెన్సు!"

"ముందు మీరు వదలండి!"

కాపలావాడు పరుగెత్తుకొచ్చేసరికి ఇద్దరూ బురదలో కూర్చున్నారు. మధ్యలో చేప ఎగిరెగిరి పడుతోంది.

"ఎవరు పట్టారు?"

"నేనే" అన్నాడు మామ.

"నేను" అంది అత్త.

కాపలావాడు చేపను నీళ్లలో వదిలాడు.

"ఈసారికి నేనేం చూడలేదు."

"నేనూ చూడలేదురా" అన్నాడు మామ. చూపు పోయాక ఆయన పగలబడి నవ్వడం అదే మొదలు.

మర్నాడు పొద్దున అత్త మిషను మీద గుడ్డ కప్పింది. లైసెన్సులిచ్చే కిటికీ తెరవకముందే వెళ్లి, వరుసలో అందరికన్నా ముందు నిలబడింది.