పక్కింటి డాబర్‌మన్

మొన్న అమెరికాలో, క్యారీ ఊళ్లో మా అమ్మాయి, మనవరాలి కోసం కుక్కను చూడటానికి షెల్టర్‌కి వెళ్తూ నన్నూ తీసుకెళ్లింది. ఒక బోను ముందు ఆగి, "అమ్మా, ఈ బ్రీడ్ ఓకేనా? నువ్వు చాలా చదివావుగా" అంది. నేను బోను మీద రాసిన జాతి పేరు చదవకుండా లోపలి కుక్క వైపు చూశాను.

ఎనభైల మొదట్లో షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉండేవాళ్లం. నేను చదివింది ఇంటర్ వరకే. మావారు ఆఫీసుకు వెళ్లగానే లైబ్రరీకి నడిచిపోయి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుకునేదాన్ని. ఆ ఏడాది కుక్కల పుస్తకాల మీద పడ్డాను. తెలుగువాళ్ల శనివారం భోజనాల్లో సాంబారు వడ్డిస్తూ కూడా ఏ జాతి కరుస్తుందో, ఏది కరవదో చెప్పేదాన్ని. ఆడవాళ్లు 'డాక్టరమ్మ' అని ఏడిపిస్తే పైకి విసుక్కుని లోపల పొంగిపోయేదాన్ని. మాకు ఒక పక్క అద్దెకుండే అమెరికన్ పెద్దాయన, ఆయన నల్ల డాబర్‌మన్. ఇంకో పక్కింట్లో పసుపుపచ్చ గోల్డెన్ రిట్రీవర్. పెరళ్ల మధ్య కంచెలు లేవు. పచ్చదాని దగ్గరికి వెళ్లొచ్చు, నల్లదాని దగ్గరికి వద్దు అని ఆరేళ్ల మా అమ్మాయికి పుస్తకం తెరిచి మరీ చూపించాను.

తినగా మిగిలిన పెరుగన్నం కుక్కకు పెట్టడం మా పుట్టింటి అలవాటు. అదీ నేనే నేర్పాను. ఒక మధ్యాహ్నం పిల్ల పళ్లెం పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. అరుపు విని పరిగెత్తాను. చేతినిండా రక్తం. రెండు కుక్కలూ అక్కడే ఉన్నాయి. "బ్లాక్ డాగ్ కాదమ్మా. నేను ప్లేట్ లాగాను, ఎల్లో డాగ్ బైట్ చేసింది" అంది ఏడుస్తూ. పచ్చదాని మూతికి పెరుగన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. చూశాను. అయినా పిల్ల భయంలో పొరబడిందనుకుని, కుక్కకాటు గురించి విచారించడానికి కౌంటీ నుంచి వచ్చిన ఆఫీసర్‌కి డాబర్‌మన్ అనే చెప్పాను. పెద్దాయన మా గుమ్మంలో నిలబడి, "మీరు కళ్లారా చూశారా, మేడమ్?" అని ఇంగ్లీషులో అడిగాడు. చూశానన్నాను.

పిచ్చి ఉందేమోనని కుక్కను పది రోజులు పరిశీలనలో ఉంచారు. ఆ పది రోజులూ పిల్ల చేతికి కట్టు మార్చినప్పుడల్లా ఆ మెతుకులే గుర్తొచ్చేవి. ఫోన్ దాకా వెళ్లి, నా చదువు నలుగురిలో ఏమవుతుందోనని వెనక్కి వచ్చేదాన్ని. తిండి ముందు నుంచి లాగితే ఏ కుక్కైనా కరవొచ్చని అవే పుస్తకాల్లో ఉంది; నేను జాతుల పేర్లు చదివి ఆ పేజీ తిప్పేశాను. కరిచే కుక్కతో ఉండనివ్వనన్నాడట ఇంటి ఓనర్. పెద్దాయన దాన్ని ప్రాణం తీసే సూది వేయించడానికి పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఒట్టి గొలుసుతో తిరిగొచ్చాడు.

దానికి అప్పటికి నాలుగేళ్లు. ఇంకో ఆరేడేళ్లు బతికేది. ఆ ఏళ్లు ఎప్పుడో గడిచిపోయాయి. అవి దానికి దక్కలేదన్నదే నాకు ఇంకా గడవలేదు.