ఆయ్ అన్నందుకు

మా బాబాయి కొబ్బరి దింపు మనిషి. రాజోలు వైపు తోటల్లో ఆయన ఎక్కని చెట్టు లేదనేవారు. ఒక వానాకాలం పాకుడు పట్టిన చెట్టు మీంచి జారి పడ్డాడు. ప్రాణం దక్కింది. ఎడమ కాలు మాత్రం మళ్ళీ మడత పడలేదు. నలభై నిండకుండానే వికలాంగుల పింఛను మొదలైంది. పిన్ని కొబ్బరి పీచు మిల్లుకి వెళ్ళేది. ఈ రెండింటి మీదే ఇల్లు నడిచేది.

మండలాలు కొత్తగా వచ్చిన రోజుల్లో, పింఛన్ల ఖర్చు పెరిగిపోయిందని, వయసులో ఉన్నవాళ్ళందర్నీ మళ్ళీ పరీక్షించి పని చేయగలిగినవాళ్ళని తీసెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పరీక్షించడానికి వచ్చిన అధికారిది మా జిల్లా కాదు. మా వైపు ఎవరేం చెబుతున్నా, వింటున్నామని తెలియడానికి మర్యాదగా ఆయ్ అంటాం. ఇల్లు కాలిపోతోందని చెప్పినా ముందు ఆయ్ అనే అంటాం. ఈ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు.

"చూడు, పని చేయగలిగినవాళ్ళకి ప్రభుత్వం డబ్బివ్వదు."

"ఆయ్."

"నువ్వు పని చేయగలవా?"

"ఆయ్... ఏంటంటేనండీ..." అని బాబాయి మొదలెట్టేసరికి ఆయన రాసుకోవడం అయిపోయింది.

పింఛను ఆగిపోయింది. మర్యాదకి అంత ఖరీదుంటుందని మాకు తెలియదు.

అర్జీ పెట్టుకుంటే మళ్ళీ రమ్మన్నారు. వారం ముందునుంచీ పిన్ని బాబాయిని పొయ్యి దగ్గర కూచోబెట్టి తర్ఫీదిచ్చింది.

"చేయలేనండి అనాలి. ఆయ్ అన్నావంటే ఇంటికి రానక్కర్లేదు."

"ఆయ్," అన్నాడు బాబాయి.

ఆఫీసుకి పిన్నితో పాటు నేనూ తోడు వెళ్ళాను. అధికారి అదే ప్రశ్న అడిగాడు. బాబాయి నోరు తెరిచి, పిన్ని మొహం చూసి, మూసి, మళ్ళీ తెరిచి "చేయలేనండి" అన్నాడు. అధికారి కాలు చూశాడు, రాశాడు, సంతకం పెట్టాడు. మేం లేవబోతుంటే ఊరికే అడిగాడు.

"మళ్ళీ చెట్టెక్కాలని ఉందా?"

బాబాయి కిటికీలోంచి ఆఫీసు వెనకున్న తోట వైపు చూశాడు.

"ఆయ్."

పిన్ని తల బాదుకుంది. అయితే ఆ కాగితంలో కోరికలకి గడి లేదు కాబట్టి పింఛను మళ్ళీ దక్కింది. ఇంటికి వచ్చేదాకా ఆవిడ తిడుతూనే ఉంది, ఆయన ఆయ్ ఆయ్ అంటూనే ఉన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పడిన దగ్గర్నుంచీ ఆ మాట ఆయన్ని మా ఇంట్లో ఎవరం అడగలేదు.